గుర్తింపు పరేడ్

వైపర్లు రెండూ కొట్టుకుంటున్నా రోడ్డు కనపడటం లేదు.

వాన. పొద్దు గూకి ఎంతోసేపు కాలేదు... అయినా రాజాం దాటాక అంతా నలుపే.

ఎదురుగా లారీ!

హెడ్ కానిస్టేబుల్ కూర్మయ్య స్టీరింగ్ ఎడమకి లాగేస్తాడు. పోలీసు జీపు మట్టిలోకి దిగి, ఒరిగి, మళ్ళీ తారు మీదకి ఎక్కుతుంది. లారీ హారన్ చెవి పక్కనుంచే పోతుంది.

వెనక సీట్లో తులసి కదలదు.

ఇలాంటప్పుడు భయం వేయాలని ఆమెకి తెలుసు. వేయటం లేదు. ఆరేళ్ళుగా ఏదీ వేయటం లేదు.

ముందు సీట్లో ఎస్.ఐ. సుహాసిని ఫోన్లో మాట్లాడుతోంది. మనుషుల అక్రమ రవాణా కేసులు చూసే స్పెషల్ టీమ్ ఆమెది. విజయనగరం బస్సు రాజాం నుంచి ఎప్పుడు కదిలిందో అడుగుతోంది. జవాబు విని ఫోన్ పెట్టేస్తుంది.

"చీపురుపల్లి లోపల పట్టుకోవాలి."

"పడతాం మేడమ్" అంటాడు కూర్మయ్య.

ఆ బస్సులో సింధు ఉంది.

పద్నాలుగేళ్ళ పిల్ల. నరసన్నపేట పక్క పల్లె. తండ్రి నరసింగరావు వరి రైతు. పొద్దున్న స్కూలుకని బయల్దేరింది. స్కూలుకి చేరలేదు.

సాయంత్రం దాకా ఎవరికీ తెలిసేది కాదు. తెలిసింది క్లాసులో పక్కన కూర్చునే పద్మకుమారి వల్ల. అక్కలాంటి ఒక అప్ప విశాఖలో బట్టల షాపులో పని ఇప్పిస్తానందనీ, ఇంట్లో చెప్పొద్దందనీ సింధు ఆ పిల్లకి ముందురోజే చెప్పింది. ఆ అప్ప ఫోన్లో ఎవరినో 'అత్తా' అని పిలుస్తోందని కూడా చెప్పింది. పద్మకుమారి మధ్యాహ్నం దాకా ఆగింది. తర్వాత స్కూలు గోడ మీద రాసి ఉన్న 1098కి ఫోన్ చేసింది. పిల్లల హెల్ప్‌లైన్. అక్కణ్ణుంచి సుహాసినికి.

పోలీసులంతా శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వైపు పరిగెత్తారు. రైలెక్కిస్తారని.

తులసి ఒక్కతే కాదంది. "ఆ స్టేషన్లో చెకింగ్ ఉంటుంది మేడమ్. రాజాం మీంచి బస్సులో చీపురుపల్లి తీసుకెళ్తారు. అక్కడ ఎక్కిస్తారు."

ఎలా తెలుసని సుహాసిని అడగలేదు. తులసి ఫైల్ ఆమె చదివింది. రాజాం బస్టాండుకి ఫోన్ చేస్తే, అలాంటి పిల్ల విజయనగరం బస్సు ఎక్కిందన్నారు.

ఆరేళ్ళ కింద తులసినీ అలాగే తీసుకెళ్ళారు. శ్రీముఖలింగం పక్కన వాళ్ళ ఊరు. అప్పుడు పదిహేనేళ్ళు. తీసుకెళ్ళిన ఆవిడని అందరూ 'అత్త' అనేవారు. అసలు పేరు ధనలక్ష్మి. ఎక్కడో దూరపు నగరంలో, ఒక ఇంట్లో, ఆవిడ చేతి కిందే ఎనిమిది నెలలు. ఒక మధ్యాహ్నం తులసి ఆ మేడ మీంచి కిందికి దూకింది. కుడికాలు విరిగింది. ఆస్పత్రిలో నర్సు పోలీసులకి చెప్పింది. వాళ్ళు ఆ ఇంటి మీద పడి మిగిలిన పిల్లల్ని బయటికి తెచ్చారు.

ఆ ఇల్లు నడిపినవాళ్ళకి శిక్ష పడింది. ధనలక్ష్మి దొరకలేదు. ఆమె మీద కేసు అలాగే ఉంది.

తులసి రెండేళ్ళు విజయనగరంలో ప్రభుత్వ హోమ్‌లో ఉంది. అక్కడే పదో తరగతి కట్టింది, తర్వాత ఇంటర్. కౌన్సెలర్ వారం వారం ఎలా ఉందమ్మా అని అడిగేది. బాగానే ఉంది మేడమ్ అనేది. ఇప్పుడు జిల్లా పిల్లల సంరక్షణ ఆఫీసులో పని. దొరికిన పిల్లల పక్కన కూర్చోవటం. ఆస్పత్రికి, పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి, కోర్టుకి తోడు వెళ్ళటం. ఆ పని బాగా చేస్తుందని అందరూ అంటారు. ఏడవదు కాబట్టి.

"అదిగో!" కూర్మయ్య వేలు చూపిస్తాడు.

వానలో ఎర్రటి వెనక లైట్లు. ఆర్టీసీ బస్సు.

సుహాసిని వెనక్కి తిరుగుతుంది. "తులసీ, నువ్వు దిగొద్దు. బస్సు వైపు చూడను కూడా చూడొద్దు. అర్థమైందా?"

అర్థమైంది. ధనలక్ష్మి దొరికితే జైల్లో, మేజిస్ట్రేటు ముందు, పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబెడతారు. తులసి వెళ్ళి ఇదిగో ఈవిడే అని చూపించాలి. గుర్తింపు పరేడ్. ఆలోపు తులసి ఆ మొహం చూస్తే... పోలీసులే ముందు చూపించారంటాడు అవతలి లాయరు. ఆరేళ్ళ కేసు నీళ్ళపాలు.

జీపు బస్సుని దాటి, అడ్డంగా తిరిగి ఆగుతుంది.

బస్సు బ్రేకులు కీచుమంటాయి. ఆగుతుంది. బంపర్‌కీ జీపుకీ మధ్య మూరెడు ఖాళీ.

సుహాసిని, కూర్మయ్య దూకి పరిగెడతారు.

తులసి తల వంచి మోకాళ్ళ మీద పెట్టుకుంటుంది. జీపు టాప్ మీద వాన చప్పుడు. బస్సులోంచి కేకలు. ఏటైందని ఎవరో. లేటైపోతోందని ఎవరో. ఆయాసంతో ఉన్న ముసలాయన్ని విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్తున్నామనీ, ఆపొద్దనీ ఒక ఆడమనిషి బతిమాలుతోంది.

జీపు తలుపు తెరుచుకుంటుంది. సుహాసిని ఒక పిల్లని లోపలికి ఎక్కిస్తుంది.

సింధు. కొత్త చుడీదార్, పసుపు చున్నీ. తల్లో తడిసిన మల్లెలు. ముక్కు ఎర్రబడింది.

"ఒక్కతే కూర్చుంది" అంటుంది సుహాసిని. "విజయనగరంలో మేనమామ ఇంటికి పోతోందట. కూడా ఎవరూ లేరట. బస్సులో ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. ఎవరని పట్టుకోను?"

తులసి సింధుకి తువ్వాలు ఇస్తుంది. మేనమామ గురించి అడగదు. నీళ్ళు కావాలా అంటుంది. పిల్ల తాగుతుంది. రెండు గుక్కలు. అప్పుడు తనంతట తనే...

"అప్పని ఏటీ సెయ్యకండి. మంచిది."

తులసి సుహాసినిని చూస్తుంది.

తీసుకొచ్చింది బస్సులోనే ఉంది. పక్కన కూర్చోలేదంతే. పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక నుంచి కాపలా కాస్తుంది. ధనలక్ష్మి నేర్పే పద్ధతి అదే.

ధనలక్ష్మే కావచ్చు కూడా.

బస్సులో కేకలు పెరుగుతున్నాయి. ముసలాయన దగ్గు ఇక్కడికి వినిపిస్తోంది. ఇంకెంతోసేపు ఆపలేరు. బస్సు కదిలితే ఆ మనిషి మళ్ళీ దొరకదు. వచ్చే నెల ఇంకో ఊరు. ఇంకో పిల్ల.

తులసి జీపు దిగుతుంది.

"ఆగు" అంటుంది సుహాసిని. చెయ్యి అడ్డం పెడుతుంది. "లోపల ఉన్నది ఆవిడే అయితే నీ పరేడ్ పోతుంది. నీ కేసు పోతుంది."

"పోతే పోనీండి మేడమ్."

కోపంగా అనదు. దుఃఖంగా అనదు. బస్సు లేటుందట అన్నట్టు అంటుంది.

సుహాసిని చెయ్యి దించుతుంది.

మెట్లు. ట్యూబులైటు వెలుగు. తడిబట్టల వాసన. తులసి నడవలో నడుస్తుంది. కుడికాలు కొంచెం ఈడుస్తుంది. ఒక్కొక్క మొహం చూస్తుంది.

చేపలగంప ఆవిడ. కాదు.

కాలేజీ పిల్లలు ఇద్దరు. కాదు.

ముసలాయన కూతురు. కాదు.

నెరిసిన జుట్టావిడ... ఆగి చూస్తుంది. కాదు.

ఆఖరి సీటు. మూల. మాస్కు వేసుకున్న మనిషి. కిటికీ వైపు తిరిగి ఉంది.

తులసి నిలబడుతుంది. ఆ మనిషి తల తిప్పుతుంది.

ధనలక్ష్మి కాదు.

ఈశ్వరి!

తులసి మేడ మీంచి దూకిన రోజు, ఆ ఇంట్లోంచి పోలీసులు బయటికి తెచ్చిన పిల్లల్లో ఒకతె. హోమ్‌లో పక్కమంచం. పాలకొండ దగ్గర ఊరు. రాత్రుళ్ళు దీపం తీసేస్తే పడుకునేది కాదు. పద్దెనిమిది నిండగానే ఇంటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. పెళ్ళి చేశారని విన్నది. తర్వాత ఫోన్ నంబర్ మారిపోయింది.

తులసి పక్కన కూర్చుంటుంది.

"నువ్వు సూడనట్టు దిగిపో" అంటుంది ఈశ్వరి, పెదవి కదపకుండా. "నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకే?"

"నా గుంట ఆవిడ దగ్గరున్నాది."

ఈశ్వరి గుసగుసగా, గబగబా చెప్పేస్తుంది. మొగుడికి పాత సంగతి తెలిసింది. బయటికి నెట్టాడు. అప్పటికి కడుపుతో ఉంది. పుట్టింటివాళ్ళు తలుపు తియ్యలేదు. హోమ్‌కి తిరిగి వెళ్ళొచ్చని తెలీదు. వెళ్ళటానికి సిగ్గు. రాజాంలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతుంటే ధనలక్ష్మే వచ్చింది. అన్నం పెట్టింది. పాపని ఎత్తుకుంది. తర్వాత ఇవ్వలేదు.

"చీపురుపల్లి స్టేషన్లో ఉన్నాది. ఈ గుంటని అప్పసెప్తే నా గుంటని ఇచ్చేస్తానంది. రెండేళ్ళదే తులసీ. ఇంకా మాటలు కూడా సరిగా రావు."

"ఇంతకుముందు ఎంతమందిని అప్పచెప్పావు?"

ఈశ్వరి మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుంది.

తులసి లోపల వెతుక్కుంటుంది. జాలి ఉందేమో. అసహ్యం ఉందేమో. చేతికి ఏదీ తగలదు. లేచి నిలబడుతుంది.

"మేడమ్, ఇక్కడుంది."

ఈశ్వరి ఏడవదు. లేచి చేతులు చాపుతుంది. వాళ్ళు దిగగానే బస్సు కదిలిపోతుంది.

జీపులో సుహాసిని అంతా వింటుంది. వెంటనే ఫోన్లు. స్టేషన్లో రైల్వే పోలీసులు మఫ్టీలో ఉండాలి. యూనిఫాం ఒక్కటి కనపడినా ఆవిడ పాపతో మాయమైపోతుంది. విశాఖ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ కాసేపట్లో వస్తోంది.

ధనలక్ష్మి దగ్గరికి రావాలంటే ఈశ్వరి పక్కన ఒక పిల్ల కనపడాలి.

సింధుని పంపలేరు. ఆ మాట ఎవరూ అనను కూడా అనరు.

తులసి సింధు మెడలోని పసుపు చున్నీ అడుగుతుంది. తల మీదుగా కప్పుకుంటుంది. ఈశ్వరి మాస్కు తను పెట్టుకుంటుంది. సన్నటి మనిషి. చీకట్లో పద్నాలుగేళ్ళంటే నమ్మొచ్చు.

"కుదరదు" అంటుంది సుహాసిని.

"ఇంకో దారి సెప్పండి మేడమ్."

సుహాసిని జీపు పోనివ్వమని కూర్మయ్యకి చెయ్యి ఊపుతుంది.

చీపురుపల్లి పోలీస్ స్టేషన్ దగ్గర సింధుని మహిళా కానిస్టేబుల్‌కి అప్పగిస్తారు. నరసింగరావు అప్పటికే మోటార్ సైకిల్ మీద బయల్దేరాడట. జీపుని రైల్వే స్టేషన్‌కి దూరంగా ఆపుతారు. ఈశ్వరి చేతులకి బేడీలు లేవు.

ప్లాట్‌ఫారం తడిగా మెరుస్తోంది. టీకొట్టు దగ్గర నలుగురు. బెంచీ మీద ఒక కుటుంబం, సూట్‌కేసులు. చివర, లైటు పోయిన స్తంభం కింద...

ఒక ఆడమనిషి. భుజం మీద శాలువా కప్పిన పిల్ల. నిద్రపోతోంది.

తులసి నడుస్తుంది. ఈశ్వరి చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుని ఉంది. గోళ్ళు దిగుతున్నాయి.

"బేగి రండి" అంటుంది ఆ మనిషి.

ఆ గొంతు!

అవే రెండు మాటలు. అప్పుడూ ఇదే ప్లాట్‌ఫారం.

కాళ్ళు ఆగవు. నడుస్తూనే ఉంటాయి.

ధనలక్ష్మి శాలువాతో సహా పిల్లని ఈశ్వరి చేతుల్లో పెట్టేస్తుంది. తులసి మణికట్టు పట్టుకుంటుంది. మాస్కు కిందికి లాగుతుంది. సెల్‌ఫోన్ వెలుగు మొహం మీద వేసి, సంతలో దూడని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

"ఇదేటే... ఈ గుంట పెద్దదిలాగున్నాది?"

తులసి ఆమె కళ్ళలోకి చూస్తుంది. ఆరేళ్ళు రోజూ ఆ మొహం చూసింది. అన్నం కలుపుకుంటుంటే. బస్సులో. కోర్టు బెంచీ మీద. ఇప్పుడది నిజంగా ముందర ఉంది. కొంచెం లావైంది. చెంప మీద కొత్త మచ్చ.

"నన్ను గుర్తుపట్టలేదేటి అత్తా?"

ధనలక్ష్మి రెప్ప కదపదు. "ఎవులు నువ్వు?"

ధనలక్ష్మి చేతులు వెనక్కి విరుస్తారు ఎవరో. సుహాసిని! టీకొట్టు దగ్గరి మనుషులు చుట్టూ మూగుతారు. బేడీలు పడతాయి. అదే నిమిషంలో రైలు ప్లాట్‌ఫారం మీదకి దూసుకొస్తుంది. అంతా హోరు. వెలుగు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు.

ఈశ్వరి శాలువా తొలగిస్తుంది.

కదలదు.

"ఇది నా గుంట కాదు."

రైలు చప్పుడులో ఎవరికీ వినపడదు. మళ్ళీ అంటుంది. "నా గుంట కాదు. గుంటడు."

బాబు. రెండేళ్ళుంటాయి. వెలుగుకి కళ్ళు తెరిచి, బౌ, బౌ అని ఏడుస్తాడు. ఒడియాలో అమ్మని పిలుస్తున్నాడు.

సుహాసిని ధనలక్ష్మి భుజం పట్టి ఊపుతుంది. పాప ఎక్కడ? ఎక్కడ? ధనలక్ష్మి పెదవులు బిగించి నిలబడింది. హారన్. రైలు కదులుతుంది.

ధనలక్ష్మి కళ్ళు ఒక్కసారి పక్కకి వెళ్తాయి. రైలు వెనక పెట్టెల వైపు. వెంటనే తిరిగి నేలమీదకి.

తులసి చూస్తుంది. ఎనిమిది నెలలు ఆ కళ్ళు ఎటు తిరిగితే అటు దెబ్బ పడేది. వాటిని చూడటం తప్ప అప్పుడు వేరే పని లేదు.

పరిగెత్తుతుంది.

కుడికాలు సహకరించదు. ఒక పెట్టె దాటిపోతుంది. రెండోది. తలుపు కడ్డీ చేతికి అందుతుంది... జారుతుంది... మళ్ళీ అందుతుంది. ఒళ్ళు లోపలికి పడుతుంది. అరచెయ్యి చీరుకుపోతుంది.

స్లీపర్ బోగీ. మనుషులు, సంచులు, కాళ్ళు. ఎర్రటి గొలుసు.

లాగేస్తుంది!

చక్రాలు అరుస్తాయి. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు. బోగీ అవతలి చివర ఒకడు లేస్తాడు. గళ్ళ చొక్కా. చంకలో పాప. ఒక్కసారి వెనక్కి చూసి, ప్లాట్‌ఫారం లేని వైపు తలుపు తీసుకుని పట్టాల మీదకి దూకేస్తాడు.

తులసి కూడా దూకుతుంది.

కంకర. చీకటి. వాన. వాడు ముందు. చంకలో పాప ఏడుపు. దాన్ని బట్టి వాడెటు పోతున్నాడో తెలుస్తోంది. తులసి ఆ ఏడుపు వెనక పరిగెడుతుంది. పడుతుంది. లేస్తుంది.

వాడు ఆగుతాడు. తిరుగుతాడు. చేతిలో కత్తి.

తులసి కూడా ఆగుతుంది. వాడికీ ఆమెకీ మధ్య నాలుగడుగులు. వాడు కత్తి పాప వైపు తిప్పుతాడు. ఎనక్కి ఎల్లిపో అంటాడు.

తులసి వెళ్ళదు. "ఒగ్గేయ్" అంటుంది. "గుంటని కింద ఒగ్గేసి నువ్వు ఎల్లిపో. నాను నీ ఎనక రాను."

మామూలు గొంతు. బతిమాలటం లేదు, బెదిరించటం లేదు. ఆ గొంతు విని వాడే తడబడతాడు. కత్తి కొంచెం కిందికి దిగుతుంది.

ఢాం!

ఆకాశంలోకి. సుహాసిని రెండు బోగీల మధ్యనుంచి ఇవతలికి వచ్చింది. పిస్టల్ పైకెత్తి ఉంది. ఇప్పుడు దాన్ని వాడి వైపు దించుతుంది.

వాడు పాపని కంకర మీదకి వదిలేసి పరిగెడతాడు. సిగ్నల్ స్తంభం దాటకముందే రైల్వే పోలీసులు మీద పడతారు.

తులసి పాపని ఎత్తుకుంటుంది. తడిసి చలికి బిగుసుకుపోయింది. మోకాలు గీసుకుపోయింది. ఏడుస్తోంది. ఏడుస్తోంది కాబట్టి బాగానే ఉంది.

ప్లాట్‌ఫారం మీద ఈశ్వరి ఒడియా బాబుని అలాగే పట్టుకుని ఉంది. దించలేదు. తులసి పాపని చూపించగానే ఆమె మొహం విరిగిపోతుంది. రెండో చేత్తో లాక్కుంటుంది. ఇద్దరినీ గుండెలకి హత్తుకుని నేలమీద కూలబడుతుంది. శబ్దం లేని ఏడుపు.

సుహాసిని ఆమెకి చెప్పాల్సింది చెబుతుంది. కేసులో ఈశ్వరి పేరూ ఉంటుంది. అది తప్పదు. పాప మాత్రం ఈ రాత్రి ఆమె దగ్గరే. బాబుని రేపు కమిటీ ముందు పెడతారు. ఫోటో ఇప్పటికే ఒడిశా పోలీసులకి వెళ్ళింది. ఈశ్వరి తల ఊపుతుంది. విన్నదో లేదో.

"కోర్టుకి నేను వస్తాను నీతో" అంటుంది తులసి.

ఈశ్వరి తలెత్తి చూస్తుంది.

పక్క బెంచీ మీద ధనలక్ష్మి. ఎదురుగా కూర్మయ్య సెల్‌ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. కొత్త చట్టం. సోదా అంతా వీడియో తీయాలి. ఆమె సంచిలోంచి ఒక్కొక్కటే బయటికి వస్తోంది. మూడు ఫోన్లు. మాత్రల షీటు. పిల్లల బట్టలు.

సుహాసిని తులసి పక్కకి వస్తుంది. నెమ్మదిగా చెబుతుంది. తులసి ఆవిడని ముఖాముఖి చూసింది, మాట్లాడింది. ఇంక పరేడ్ పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. సింధు కేసులో శిక్ష పడుతుంది. తులసి పాత కేసు మాత్రం... ఆవిడ నువ్వెవరో తెలీదంటే చాలు.

తులసి తల ఊపుతుంది. ముందే తెలుసు.

చేతి రక్తం కడుక్కుందామని కొళాయి వైపు నడుస్తుంది. బెంచీ ముందునుంచే వెళ్ళాలి. కాలు ఈడుస్తూ వెళ్తుంది. ధనలక్ష్మి ఆ కాలునే చూస్తోంది. చూసి చూసి... నవ్వుతుందో, పళ్ళు కొరుకుతుందో.

"ఆ రోజు మేడ మీంచి దూకినప్పుడే సచ్చిపోనావు కాదేటే, చామంతీ!"

తులసి ఆగిపోతుంది.

చామంతి.

ఆ ఇంట్లో ధనలక్ష్మి పెట్టిన పేరు. ఆరేళ్ళలో ఎవరూ పిలవలేదు.

సుహాసిని తిరిగి చూస్తుంది. కూర్మయ్య చెయ్యి కదపడు. ఊపిరి కూడా బిగపట్టాడు. ఫోన్ మీద ఎర్రచుక్క వెలుగుతోంది.

"ఎవరామె?" అంటుంది సుహాసిని, చాలా మెల్లగా. "ఏ మేడ?"

ధనలక్ష్మి ఫోన్ చూస్తుంది. ఎర్రచుక్క చూస్తుంది. నోరు మూసుకుంటుంది.

ఆలస్యమైంది.

"కోర్టు దీన్ని ఎంతవరకు తీసుకుంటుందో తర్వాత చూద్దాం" అంటుంది సుహాసిని. "నువ్వెవరో తెలీదని మాత్రం ఈవిడ ఇంక అనలేదు."

తులసి వింటోంది. మాటలు దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. కొళాయి దగ్గరికి వెళ్దామని అడుగు వేయబోతుంది. పడదు. కిందికి చూసుకుంటుంది. మోకాళ్ళు... తన మోకాళ్ళే... ఆగకుండా అదురుతున్నాయి.

"మేడమ్" అంటుంది. గొంతు తనది కానట్టుంది. "నాకు భయమేస్తంది మేడమ్."

సుహాసిని ఆమెని పట్టుకుని, ఆ తడి ప్లాట్‌ఫారం మీదే కూర్చోబెట్టి, పక్కన కూర్చుంటుంది.